సరిహద్దు దాటిన సెల్‌ఫోను



ముళబాగిలు దాటి, నంగలి మీదుగా బస్సు పలమనేరు వైపు సాగితే, ఒకప్పుడు సెల్‌ఫోను ఉన్నవారు గబగబా మాట ముగించేవారు. ఇటూ అటూ తెలుగే. కాని కర్ణాటక సర్కిల్ అయిపోయి ఆంధ్ర సర్కిల్ మొదలయ్యేది. ఇక రోమింగు. వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులే. ఈ రోమింగు మాట జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1990లలో ప్రభుత్వం సర్కిల్‌కు ఇద్దరేసి ప్రైవేటు కంపెనీలకు లైసెన్సులిచ్చింది. బెంగళూరులో ఆ ఇద్దరు జే.టీ. మొబైల్స్, స్పైస్. మొదటిది 1999లో భారతీ సంస్థ చేతికి వచ్చి ఎయిర్‌టెల్ అయింది. స్పైస్‌లో మోదీల వాటాను కొంటున్నట్టు 2008 జూన్‌లో ఐడియా ప్రకటించింది. అప్పటికే ఐడియాకు కర్ణాటకలో వేరే లైసెన్సుంది. ఒకే సర్కిల్‌లో ఒకరికి రెండు లైసెన్సులు కూడవని టెలికాం శాఖ అభ్యంతరం చెప్పింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. పేచీ అంతా లైసెన్సు షరతుల మీదే. పోటీ తగ్గితే మనబోటి వాడుకదారుల గతేమిటని విచారించే అధికారం కాంపిటీషన్ కమిషన్‌కు అప్పటికి లేదు. చట్టం 2002 నాటిదే గాని, విలీనాలకు సంబంధించిన సెక్షన్లు అమలులోకి వచ్చింది 2011 జూన్ 1న.

అదే 2011లో అమెరికాలో పెద్ద తగాదా నడిచింది. అక్కడి రెండో పెద్ద కంపెనీ ఏటీ అండ్ టీ, నాలుగోదైన టీ-మొబైల్‌ను 3,900 కోట్ల డాలర్లకు కొనబోయింది. ఆగస్టు 31న ప్రభుత్వమే దావా వేసింది. వారం తిరక్కముందే, సెప్టెంబరు 6న, మూడో కంపెనీ స్ప్రింట్ కూడా గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కోర్టుకు వెళ్ళింది.

ఇక్కడే చిక్కు. సంతలో ఇద్దరు బియ్యం వర్తకులు ఏకమై ధర పెంచితే, మూడోవాడూ పెంచుకుంటాడు. అతనికి లాభమే కదా, మరి ఫిర్యాదెందుకు? కోర్టు చూసిందీ అదే: ప్రజల నష్టం సరే, పోటీదారుడిగా నీకు జరిగే హాని ఏమిటని. నవంబరు 2న న్యాయమూర్తి ఎలెన్ హ్యూవెల్ స్ప్రింటు వాదాల్లో చాలావాటిని కొట్టివేశారు. కొత్త రకం ఫోన్లను పెద్ద కంపెనీ తనకే దక్కించుకుంటుందన్న వాదాన్ని నిలిపారు. దానితోపాటు నిలిచింది కార్ వైర్‌లెస్ అనే చిన్న కంపెనీ మొర. తన వాడుకదారులు పొలిమేర దాటితే ఆ రెండు పెద్ద కంపెనీల్లో ఒకదాని దగ్గర రోమింగు కొనుక్కోవాలి. రెండూ ఒకటైతే బేరమాడే చోటే ఉండదు. మన నంగలి బస్సులోని బాధకు అన్నలాంటి బాధ!

తీర్పు రానేలేదు. డిసెంబరు 19న ఏటీ అండ్ టీ వెనక్కు తగ్గి, ఒప్పందం ప్రకారం టీ-మొబైల్‌కు 300 కోట్ల డాలర్ల నగదు పరిహారం చెల్లించుకుంది.

నలుగురు ముగ్గురైతే పోటీ చస్తుందని ఆనాడు వాదించిన స్ప్రింట్, 2020 ఏప్రిల్ 1న తానే వెళ్ళి టీ-మొబైల్‌లో కలిసిపోయింది.