టపా సర్వరుకు ఏ లినక్సు?

బోనకల్లు స్టేషనులో నిలుచున్నవారు బండిని చూతురు, పట్టాలనెవరు చూతురు? ఈ-మెయిలు సర్వరు సంగతియు నంతే. రేయింబవళ్లు ఉత్తరములందుకొని పంపు ఆ యంత్రమునకు పట్టాల వంటిది ఆపరేటింగు సిస్టము. లినక్సును పలువురు తమ తమ రీతిని కూర్చి పంచుచున్నారు. ఆ కూర్పునే డిస్ట్రిబ్యూషను అందురు.

ఏ కూర్పును ఎన్నుకొనవలెను? కొత్తదనము కంటె ఆయువు ముఖ్యము. ఇంటర్నెట్టుకు తెరచియుండు యంత్రమునకు భద్రతా సవరణలు అందుచునే యుండవలెను. అవి ఆగిన నాడు తలుపునకు గడియ ఊడినట్లే.

2004లో వెలువడిన సెంటాసును అనేకులు ఇందుకే నమ్మిరి. 2019లో వచ్చిన 8వ కూర్పునకు 2029 వరకు సవరణలందునని చెప్పబడెను. కాని దానిని పోషించు రెడ్ హ్యాట్ సంస్థ 2020 డిసెంబరులో ఆ గడువును 2021 చివరకు కుదించినది! చిత్రమేమనగా, అంతకు ముందుదైన 7వ కూర్పు చెప్పిన ప్రకారము 2024 జూను దాక నడచినది. అన్నకంటె ముందు తమ్ముడు పోయెను. సర్వరులు నడుపువారు నట్టేట చిక్కిరి. ఆ లోటు తీర్చుటకే 2021లో ఆల్మాలినక్సు, రాకీ లినక్సు వెలువడినవి.

1993లో మొదలైన డెబియను స్వచ్ఛంద కార్యకర్తలది. ఏ ఒక్క కంపెనీ సొత్తును కాదు. మన సి-డాక్ 2007లో వెలువరించిన 'బాస్'కు పునాది అదియే. డెబియను కూర్పు ఆయువు సుమారు ఐదేండ్లే. అయినను, గడువు తీరునప్పుడు యంత్రమును తుడిచి మరల నింపనక్కర లేదు. ఉన్నచోటనే తరువాతి కూర్పునకు మార్చుకొనవచ్చును.