యంత్రతాళపు పాట, దొంగ నకలు: చూలై వీధుల నుండి మన జాతర దాకా

మన సరిహద్దు గ్రామాలలో నేడు పెండ్లి ఊరేగింపు గాని, గంగజాతర గాని, వినాయక నిమజ్జనం గాని డీజే పెట్టెలు లేకుండా జరగడం అరుదు. ఒకప్పుడు పలకలు, పంబలు, నాదస్వరం మ్రోగిన చోట ఇప్పుడు లారీ మీద పేర్చిన స్పీకర్ల నుండి యంత్రపు దరువు వినవస్తున్నది. ఈ తరహా సంగీతాన్ని లోకమంతటా ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ అని పిలుస్తున్నారు. అది ఎక్కడ పుట్టినది, ఏ దారిన మన ఊరికి వచ్చినది, ఆ దారిలో ఎవరి కష్టఫలం ఎవరి చేతికి పోయినది అన్న విషయాలను పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ముందుగా ఒక చిన్న ముచ్చట. కొన్నేండ్ల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవానికి పిల్లలు ఒక నృత్యం సిద్ధం చేసుకొన్నారు. పాట మెమరీ కార్డులో ఉన్నది. ఒక విద్యార్థి మేనమామ చెన్నైలో ఆ కార్డును పాటలతో నింపించి తెచ్చినాడు. పాట మొదలైన వెంటనే ఒక గొంతు తన డీజే పేరును బిగ్గరగా అరచినది. పల్లవికీ చరణానికీ నడుమ మరల అదే అరుపు. పాట వ్రాసినది ఎవరని ఎనిమిదవ తరగతి పిల్లవానిని అడిగితే, "ఇంకెవరు సార్, పేరు చెప్తున్నాడు కదా, ఆ డీజేనే" అన్నాడు. నిజానికి అది ఆ పిల్లవాడు పుట్టకముందే వచ్చిన తెలుగు సినిమా పాట. వ్రాసిన కవి, స్వరపరచినవారు, పాడినవారు ఎవరో ఆ బృందంలో ఒక్కరికీ తెలియదు. పైరసీ అనగానే మనకు డబ్బు నష్టమే స్ఫురిస్తుంది. పేరు పోవడం కూడా నష్టమేనని ఆ రోజు నాకు తెలిసివచ్చినది.

ఇక సంగీతం సంగతి. ఇందులో తాళం మనిషి చేతితో గాక యంత్రంతో పలుకుతుంది. నాలుగు సమానమైన దెబ్బలు ఎడతెగక సాగుతాయి. నిమిషానికి సుమారు 120 నుండి 130 వరకు. జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1980లో టీఆర్-808 అనే తాళయంత్రాన్ని, కొద్దికాలానికే టీబీ-303 అనే మంద్రస్వర యంత్రాన్ని తయారుచేసినది. వీటిలో రెండవది మొదట అంగట్లో నిలువలేదు. ధర పడిపోయిన తరువాత అమెరికాలోని షికాగో నగరపు నల్లజాతి యువకులు దానిని చౌకగా కొని క్రొత్త ధ్వనులు పుట్టించినారు. షికాగోలో పుట్టిన పద్ధతికి వేర్‌హౌస్ అనే నృత్యశాల పేరు మీదుగా హౌస్ అనీ, డెట్రాయిట్‌లో పుట్టినదానికి టెక్నో అనీ పేర్లు స్థిరపడినవి. అదే కాలంలో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఇవే యంత్రాల మీద మన పది రాగాలను వాయించి 1982లో ఒక రికార్డు వెలువరించినారు. ఆనాడు దానిని ఎవరూ పట్టించుకొనలేదు. 2010లో అది మరల విడుదలైనప్పుడు పాశ్చాత్య విమర్శకులు ఆశ్చర్యపోయినారు. ఆయన 2015లో మరణించినారు.

మద్రాసు సినిమా సంగీతంలోనూ ఈ మార్పు ఆ దశాబ్దంలోనే మొదలైనది. ఇళయరాజా గారు 1986 నాటి పున్నగై మన్నన్ చిత్రంలో కంప్యూటర్ సాయంతో వాద్యధ్వనులు కూర్చినారు. రాజ్-కోటి ద్వయం తెలుగు పాటలకు కీబోర్డు దరువులను అలవాటు చేసినది. వారి వద్ద కీబోర్డు వాయించిన ఏ.ఆర్. రెహమాన్ 1989లో కోడంబాకంలో తన ఇంటి వద్దనే స్టూడియో కట్టుకొన్నారు. 1992లో రోజా, 1994లో ప్రేమికుడు వచ్చేసరికి ఈ ధ్వని మన ఊరి టీకొట్ల దాకా చేరినది. అంటే డీజే అన్న మాట వినకముందే ఆ సంగీతం మన చెవులకు అలవాటైనదన్నమాట.

ఇప్పుడు చూలై గురించి. చూళై అనగా తమిళంలో ఇటుకల బట్టీ. పేర్లు దగ్గరగా ఉన్నవని చూలైమేడుతో దీనిని కలుపరాదు. అది కోడంబాకం వైపున ఉన్న వేరు పేట. మనం చెప్పుకొనే చూలై ఉత్తర చెన్నైలో వేపేరి, పెరియమేడు, పులియంతోపు పేటల నడుమ, సెంట్రల్ స్టేషనుకు చేరువలో ఉన్నది. సూళ్లూరుపేట, గుమ్మిడిపూండి వైపు నుండి గాని, తిరుత్తణి, అరక్కోణం వైపు నుండి గాని లోకల్ రైలులో వెళ్ళే మనవారు అనేకులు దిగే చోటికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పేరు. 1900లో తెరచిన మూర్ మార్కెట్ అక్కడ ఉండేది. 1985 మే 30న అగ్నికి ఆహుతి అయినది. అటుపిమ్మట అక్కడి దుకాణాలు ప్రక్కనే ఉన్న అల్లికుళం సముదాయానికి తరలినవి.

మా పెద్దమ్మగారు చూలైలో కాపురముండేవారు. పెదనాన్నగారు మూర్ మార్కెట్ నుండి పాత గ్రామఫోన్ రికార్డులు ఏరి తెచ్చిన సంగతి కథగా చెప్పేవారు. గీతలు పడినదని బేరమాడి తెచ్చి, ఇంటికి వచ్చి పత్తితో తుడిచి వినేవారట. అది పాత సరుకు వ్యాపారమే గాని దొంగ వ్యాపారం కాదు. రికార్డు అమ్మినవాని వద్ద ఇక అది మిగలదు. ఒక చేతి నుండి మరొక చేతికి మారినదంతే. నకలులో వ్యవహారం వేరు. అమ్మినవాని వద్ద అసలు అలాగే ఉంటుంది, కొన్నవాని వద్ద మరొకటి పుడుతుంది, ఆ రెండవదాని నుండి నూరు పుడతాయి.

ఆ నకలుకు పేరుమోసిన చోటు చూలైకి దూరం కాదు. బర్మా నుండి తిరిగివచ్చిన కుటుంబాల జీవనోపాధి కోసం 1969లో బీచ్ స్టేషను దగ్గర బర్మా బజారు ఏర్పడినది. తొలుత విదేశీ టేప్ రికార్డర్లు, గడియారాలు అక్కడ దొరికేవి. తరువాతి కాలంలో దొంగ సీడీలకు, డీవీడీలకు అది మారుపేరైనది. ఇందుకు ఆ కుటుంబాలన్నింటినీ తప్పుపట్టరాదు. బ్రతుకుతెరువు వెతుక్కొన్నవారికి తేలికగా అమ్ముడుపోయే సరుకు అది.

లెక్క చూడండి. కంపెనీ విడుదల చేసే పాటల సీడీలో 74 నుండి 80 నిమిషాలు, అనగా సుమారు 15 పాటలు పట్టేవి. అదే 700 మెగాబైట్ల డిస్కులో సాధారణ నాణ్యత గల ఎంపీ3 రూపంలో అయిదేసి నిమిషాల పాటలు దాదాపు 145 పడతాయి. పది సీడీల సరుకు ఒక్క డిస్కులో! కొనేవానికి అది లాభమే. పాట చేసినవారికి వచ్చేది సున్న. మెమరీ కార్డు వచ్చిన తరువాత ఈ 145 కూడా చిన్న లెక్క అయిపోయినది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో మొబైల్ డేటా చౌకై, డిస్కుల వ్యాపారం క్షీణించినది. అయినా ఉచితంగా దించుకొనే రీమిక్స్ పాటలు మాత్రం ఆగలేదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకొనవలెను. 1980లలో చౌక క్యాసెట్టు రావడం వల్ల, అంతవరకు పెద్ద కంపెనీల గడప త్రొక్కని జానపదులకు కూడా రికార్డయ్యే అవకాశం కలిగినది. ఉత్తర చెన్నైలోని శ్రమజీవుల పేటలలో, పులియంతోపు, వ్యాసర్‌పాడి ప్రాంతాలలో చావు ఇండ్ల వద్ద పాడే గానా పాట ఒక ఉదాహరణ. క్యాసెట్ల మీదుగా అది పేట దాటి సినిమాలలోకి వెళ్ళినది. కాని చేతులు మారే నకలు గాయకుని పేరును దూరం తీసుకొనిపోగలదే గాని, వాని ఇంటికి బియ్యం తేలేదు. ఒక్కొక్కసారి ఆ పేరునూ వదిలివేస్తుంది.

దీనికి భిన్నమైన పద్ధతి కూడా చెన్నైలోనే జరిగినది. శ్రీలంక తమిళ కుటుంబానికి చెందిన లండన్ గాయని ఎం.ఐ.ఏ. 2006లో ఇక్కడికి వచ్చి, ఉరుమి వాద్యకారులను స్టూడియోకు పిలిపించి, వారి దరువును రికార్డు చేసుకొని, 2007లో కళా అనే ఆల్బంలో వాడుకొన్నది. మన ఉరుమి, డప్పు యంత్రతాళంతో చక్కగా కలుస్తాయి. ఆ విషయంలో డీజే కుర్రవాళ్ళ చెవి తప్పు కాదు. వాయించినవానిని పిలిచి వాయించుకొనడం ఒకటి, వాని దరువును అడగకుండా కత్తిరించి అతికించుకొనడం మరొకటి.

కత్తిరించి అతికించడం ఎంత దాకా పోగలదో చెప్పే ఉదంతం అమెరికాలో ఉన్నది. 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం ఆమెన్ బ్రదర్ అనే పాటను రికార్డు చేసినది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్ముల వాద్యకారుడు ఏడు సెకన్లకు మించని ఒక దరువు వాయించినాడు. 1980ల నుండి ఆ ముక్కను ఇంగ్లండు, అమెరికాల నృత్యసంగీతకారులు వేలాది పాటలలో వాడుకొన్నారు. కొన్ని సంగీతశాఖలే దాని మీద నిలబడినవి. కోల్‌మన్‌కు అందులో చిల్లిగవ్వ రాలేదు. 2006లో ఇల్లు వాకిలి లేనివాడుగా మరణించినాడు. బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందా ఎత్తి సుమారు 24,000 పౌండ్లు అందజేసినారు. అది కానుకే గాని రాయల్టీ కాదు.

మన మద్రాసు వాద్యకారుల స్థితి కొంత వేరు. సినిమా స్టూడియోలో వయొలిన్, తబలా వాయించినవారికి కాల్‌షీట్ లెక్కన కూలి ముట్టేది. పాట ఎంత అమ్ముడైనా అంతే. కనుక పైరసీ వారి జేబును నేరుగా కొట్టలేదు. ఆడియో అమ్మకం మీద నిర్మాతకు వచ్చే ఆదాయం తగ్గితే మరుసటి పాటకు పిలిచే వాద్యకారుల సంఖ్య తగ్గుతుంది. అదే సమయంలో ఒక్క కీబోర్డు నలభై మంది పనిని చేయసాగినది. రెండు దెబ్బలూ ఒకేసారి పడినవి. ఏ దెబ్బకు ఎంత నష్టమో తూకం వేసి చెప్పడం నా వంటివానికి సాధ్యం కాదు. నష్టమంతా పైరసీదే అనేవారి మాట మాత్రం సగం నిజమే.

కవులకు, స్వరకర్తలకు జరిగిన అన్యాయం నకలుగాళ్ళతోనే మొదలుకాలేదు. సినిమాకు కూలి పుచ్చుకొని చేసిన పాటపై హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించిన పిదపనే, సినిమాహాలులో ప్రదర్శన తప్ప మిగతా వాడకాలపై కవికి, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఉండి తీరవలెనని, దానిని వ్రాసి ఇచ్చివేసినా చెల్లదని ఏర్పాటైనది. 2017 మార్చిలో ఇళయరాజా గారి పక్షాన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి నోటీసు వెళ్ళినప్పుడు మన పల్లెలలో చాలామంది నొచ్చుకొన్నారు. స్నేహితుల మధ్య నోటీసేమిటని నేనూ అనుకొన్నాను. టికెట్టు పెట్టిన వేదిక మీద పాట పాడడానికి అనుమతి అన్నది ఒకటి ఉన్నదని మాత్రం ఆ గొడవతోనే జనానికి తెలిసినది. తరువాత 2019లో ఆ ఇద్దరూ మరల ఒకే వేదికనెక్కినారు.

పొరుగుదేశాలవారూ మన పాటను వదలలేదు. 1981 నాటి జ్యోతి అనే హిందీ చిత్రంలో బప్పీ లహరి స్వరపరచిన, లతా మంగేష్కర్ పాడిన పాట ముక్కను 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికా గాయని పాటలో చెప్పాపెట్టకుండా కలిపినారు. దావా పడగా, లహరి పేరు వేయనిదే డిస్కు అమ్మరాదని అక్కడి న్యాయస్థానం ఆదేశించినది. కోట్ల డాలర్ల వ్యాజ్యంలో మొదట దక్కినది పేరే.

మన కుటుంబాలకు పనికివచ్చే చట్టపు సంగతులు కొన్ని. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63వ సెక్షను ప్రకారం తెలిసి నకలు చేసి వ్యాపారం చేసినవారికి ఆరు నెలల నుండి మూడేండ్ల జైలు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. 64వ సెక్షను ప్రకారం పోలీసులు వారంటు లేకుండానే నకళ్ళను స్వాధీనపరచుకొనవచ్చును. తమిళనాడులో మరింత కఠినం: 2004లో అక్కడి గూండాల చట్టంలో వీడియో పైరేట్లను చేర్చి, విచారణ లేకుండా ఏడాది వరకు నిర్బంధించే వీలు కల్పించినారు. సినిమా పాటల నకలు కూడా దాని పరిధిలోనిదే. కనుక సరిహద్దు దాటి పని వెతుక్కొనే పిల్లలు కార్డులు నింపే దుకాణంలో కుదిరే ముందు పెద్దలు ఈ మాట చెప్పి పంపడం మేలు.

పెండ్లివారు భయపడనక్కరలేదు. వివాహపు ఊరేగింపులోను, దానికి సంబంధించిన వేడుకలలోను పాట వేయడం ఉల్లంఘన కాదని అదే చట్టం 52వ సెక్షనులో ఉన్నది. పెండ్లిండ్లలో రాయల్టీ వసూలు చేయరాదని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వ శాఖ ప్రకటన కూడా చేసినది. ఈ మినహాయింపు పాట వేయడానికే; రీమిక్స్ చేసి అమ్మడానికి కాదు. అమ్మదలచిన డీజేకు రెండు అనుమతులు కావలెను: పాట మాటలకు, వరుసకు ఒకటి, రికార్డయిన ధ్వనికి మరొకటి.

పాతపాట కదా, ఎవరు అడుగుతారని కొందరంటారు. రికార్డు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుండి 60 ఏండ్లు. 1960లో విడుదలైన రికార్డుపై హక్కు 2020 డిసెంబరు 31తో తీరిపోయినది. మాటకు, వరుసకు లెక్క వేరు: కర్త మరణించిన మరుసటి ఏడాది నుండి 60 ఏండ్లు. 1974లో కాలం చేసిన ఘంటసాల గారి వరుసలకు 2034 చివరి దాకా, 1983లో కాలం చేసిన శ్రీశ్రీ గారి మాటలకు 2043 చివరి దాకా హక్కు నిలిచి ఉన్నది.