మెట్టనుంచి ఇంటికి వ్రాసిన ఉత్తరాలు

నెల్లూరు జిల్లా పడమటి భాగమంటే మన చరిత్ర పుస్తకాలకు ఉదయగిరి కోట ఒక్కటే. 1514లో కృష్ణదేవరాయలు ఆ దుర్గాన్ని గజపతులనుంచి గెలుచుకున్నాడని పిల్లలు సైతం అప్పజెబుతారు. ఆ కొండ కింద జొన్న, సజ్జ పండించినవాళ్ళు ఏం తిన్నారో, ఎంత కూలి పుచ్చుకున్నారో అడిగితే జవాబు లేదు. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గార్లు 1905లో ప్రకటించిన నెల్లూరు శాసనాలు ఎంత విలువైనవైనా, వాటిలో మాట్లాడేవాడు దాత; కూలివాడు కాడు.

కూలివాడి ఊసు కాగితమెక్కింది, విచిత్రంగా, పరాయిదేశస్థులు తమ ఇళ్ళకు వ్రాసుకున్న ఉత్తరాలలో. 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషను 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మకాం పెట్టింది. అటువంటి ఉత్తరాలలో బిడ్డ జ్వరమూ, ఎండిన చెరువూ, బాప్తిస్మాల లెక్కా పక్కపక్కనే ఉంటాయి. మిషనరీల ఉత్తరాలను బోస్టనులో మిషను పత్రిక అచ్చువేసేది, చందాలిచ్చేవారు చదివేవారు. చదివినవాడి మనసు కరగాలి గనుక పేదరికం దాచరు. పేదరికానికి కారణమైన భూమి సంగతి మాత్రం అరుదుగా ఎత్తుతారు.

1876-78 కరువునే తీసుకోండి. ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోదే. అక్కడి మిషనరీ క్లౌ, ఆకలిగొన్నవారికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసుకున్నాడు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అమెరికా పాఠకులు ఈ రెండో అంకెను పట్టుకున్నారు. నాకు మాత్రం ఆ మూడున్నర మైళ్ళే ముఖ్యం.

చేరినవారిలో ఎక్కువమంది మాదిగలు. క్లౌ వారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. మొదటిది చూడండి. బోస్టను పాఠకుడికి అది భక్తి. వెట్టికి పిలిచిన ఆసామికి అది ధిక్కారం. వారానికొక రోజు మాదిగ పిలిస్తే రాడు! భక్తిగా అచ్చైన వాక్యాన్ని మనం పని ఎగ్గొట్టినవాడి వైపునుంచి చదువుకోవాలి.

తరువాత మెట్టవాళ్ళే దూరదేశంనుంచి ఇంటికి వ్రాసే కాలం వచ్చింది. నెల్లూరు, కడప జిల్లాల ఊళ్ళనుంచి కువాయిత్ పోయినవారి ఉత్తరాలను ఏ పత్రికా అచ్చువేయలేదు. ఆత్మకూరులో ఒక తల్లికి ఆమె కూతురి ఉత్తరాలు నేనే చదివి వినిపించేవాణ్ణి. క్షేమం, పంపిన డ్రాఫ్టు, అందులో వడ్డీకెంత, తమ్ముడి ఫీజుకెంత, అంతే. వాటిలో యజమాని లేడు, మిషను ఉత్తరాలలో ఆసామి లేనట్లే. కారణాలు వేరు: మిషనరీకి అది పట్టలేదు, ఈ పిల్లకు భయం. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువాయిత్‌లో దిగింది; ఉత్తరాలు ఆగిపోయాయి. అంతవరకూ వార్తలంటే చెవినిబెట్టని ఆ తల్లి, ప్రతి పూటా రేడియోలో వార్తల వేళకు మా అరుగుమీదికి వచ్చి కూర్చునేది.