బోరెంలో పత్తి, సంచిలో పారాచ్యూట్

మాది కీసర. ఈ మాట హైదరాబాదులో ఎవరితో అన్నా, "ఓ, కీసరగుట్టా? శివరాత్రికి వచ్చాం" అంటారు. కాదండీ బాబూ, ఆ కీసర వేరు. నందిగామకీ కంచికచర్లకీ మధ్య, మునేరు ఒడ్డున, హైవే మీద టోల్‌గేటు ఉండే కీసర మాది. పత్తి, మిరప పండే మెట్ట ఊరు. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ, నా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది.

చిన్నప్పుడు పత్తి తీతల టైములో నా డ్యూటీ బోరెంలోకి దిగి తొక్కడం. వేలాడదీసిన బోరెంలో పైనుంచి పత్తి పోస్తుంటే లోపల గుండ్రంగా తిరుగుతూ తొక్కాలి. మా నాన్న ఈ బోరెంలో ఎంత పడుతుందో కాటా వేసి చెప్పేవాడు కాదు. గుప్పెడు పత్తి తీసి నలిపి చూసేవాడు. పొద్దున్నే మంచు మీద తీసిన పత్తి ఒకలా అణుగుతుంది, మిట్టమధ్యాహ్నం తీసింది ఇంకోలా. తర్వాత బోరెం మూలలు బొటనవేలితో నొక్కేవాడు. మధ్యలో ఎవడైనా తొక్కుతాడు, మూలల్లోనే దొంగతనం తెలిసేది అనేవాడు.

ఇదంతా ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికాలో ఒక పారాచ్యూట్ సంచి దగ్గర గుర్తొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

సంగతేంటంటే, నేను స్కైడైవింగ్ లైసెన్స్ తెచ్చుకున్న కొత్తలో (ఇంట్లో చెప్పలేదు, ఎందుకో మీకు తెలుసు) ఒక పాత కంటైనర్ చవగ్గా దొరికింది. కంటైనర్ అంటే వీపుకి తగిలించుకునే సంచీ, బెల్టులూ కలిపి. పైన రిజర్వు పారాచ్యూట్ గది, కింద మెయిన్ గది. ఇంకోచోట 210 చదరపు అడుగుల మెయిన్ కొన్నాను. రెండూ పట్టుకుని రిగ్గర్ దగ్గరకెళ్ళాను. రిగ్గర్ అంటే రిజర్వు మడిచి సీలు వేసే లైసెన్సు ఉన్న మనిషి. ఆయన లేబుల్ చూసి, "ఈ సంచి 170 కోసం కుట్టింది. లాగితే 190 పడుతుంది. 210 పెట్టను" అన్నాడు. నేను మన పద్ధతిలో "కుక్కితే పడుతుందిగా" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో పారాచ్యూట్‌కి అసలు సంచే లేదు. 1797లో పారిస్‌లో గార్నెరిన్ బెలూన్ నుంచి దిగినప్పుడు అది బెలూన్ కింద వేలాడుతూనే ఉంది. 1890లో కలకత్తాలో రామచంద్ర చటర్జీ దిగినప్పుడూ వీపున మూట ఏమీ లేదు. విమానాలొచ్చాక అసలు సమస్య మొదలైంది. 1910లో రష్యాలో మత్సియేవిచ్ అనే పైలట్ ప్రదర్శనలో పడి చనిపోతే, అది చూసి చలించిన కోటెల్నికోవ్ అనే నాటకాల నటుడు, వీపున మోసుకెళ్ళే పారాచ్యూట్ తయారుచేశాడు. గుడ్డని మడిచి మనిషికి కట్టొచ్చు అన్న ఆలోచన అలా నిలబడింది. 1919 ఏప్రిల్ 28న అమెరికాలో డేటన్ దగ్గర లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి, గాల్లో తనే తాడు లాగి మూట విప్పుకున్నాడు. దిగేటప్పుడు చీలమండ విరిగింది గానీ మూట మాత్రం విప్పుకుంది. ఆ రోజు నుంచి మనిషి ప్రాణం, మూటని మూసి ఉంచే ఒక పిన్ను మీద ఆధారపడటం మొదలైంది.

అయినా చాలా ఏళ్ళు సైజు గొడవ పెద్దగా లేదు. సైన్యం ఒక సైజు కుట్టిస్తుంది, దానికి తగ్గ సంచీ అదే ఇస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సరదాకి దూకేవాళ్ళు కూడా ఆ మిగులు సరుకే కొనుక్కున్నారు. వీపున 28 అడుగుల గుండ్రటిది, పొట్ట మీద 24 అడుగుల రిజర్వు. బక్కవాడికీ బండవాడికీ దాదాపు అదే.

దీన్ని మార్చింది డొమినా జాల్బర్ట్. 1964లో ఆయన పేటెంట్‌కి పెట్టిన పారాఫాయిల్ గొడుగు కాదు, గుడ్డతో కుట్టిన రెక్క. ముందునుంచి గాలి దూరి అరలు ఉబ్బుతాయి. డెబ్బైల్లో ఈ రెక్కలు గుండ్రటివాటిని వెనక్కి నెట్టేశాయి. రెక్క అనగానే లెక్క మారింది. మనిషి బట్టలతో, సంచితో కలిపి ఎన్ని పౌన్లు ఉన్నాడో దాన్ని చదరపు అడుగులతో భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్. నా సంగతి చూడండి. నేను 82 కిలోలు, సామాను 11, మొత్తం 93 కిలోలు, అంటే 205 పౌన్లు. 210 మీద అది ఒకటికి కాస్త తక్కువ. 170 మీద 1.2. కాగితం మీద చిన్న తేడా. నేల దగ్గర మాత్రం, తప్పు టర్నింగ్ తీసుకుంటే కాలు విరగడానికీ లేచి దులుపుకోవడానికీ మధ్య ఉన్న తేడా అదే. కొత్తవాళ్ళని ఒకటి దాటనివ్వకపోవడం అందుకే.

అదే డెబ్బైల్లో బిల్ బూత్ అనే ఆయన చేత్తో విసిరే పైలట్ చ్యూట్, మూడు రింగుల రిలీజ్ తెచ్చాడు. పైలట్ చ్యూట్ అంటే గాల్లోకి విసిరితే పిన్ను లాగి, పెద్దదాన్ని బయటికి తీసే చిన్న గొడుగు. రిజర్వు కూడా పొట్ట మీద నుంచి వీపుకి చేరింది. రెండూ ఒకే మూటలో, ఒకదాని పైన ఒకటి. ఇక ఫ్యాషన్ మొదలైంది. ఎనభైల చివర్లో గాలి చొరబడని గుడ్డ వచ్చాక మెయిన్లు చిన్నవి అవుతూ పోయాయి, సంచులూ నాజూగ్గా తయారయ్యాయి. చిన్న సంచి వేసుకున్నవాడు మొనగాడు. మన ఆఫీసుల్లో పల్చటి లాప్‌టాప్ ఉన్నవాడిలాగా అన్నమాట :)

ఇప్పుడు కుక్కితే ఏమవుతుందో చూద్దాం. సంచి రేకులన్నీ ఒక చిన్న దారపు లూప్‌తో మూసి, దాంట్లో పిన్ను పెడతారు. లోపల గుడ్డ ఎక్కువైతే లూప్ బిగుస్తుంది, పిన్ను ఇరుక్కుంటుంది. విసిరిన పైలట్ చ్యూట్ వెనకాల తోకలా ఊగుతూ ఉంటుంది గానీ మూట విప్పదు. ఈలోగా సెకనుకి 50 మీటర్లకు పైగా కిందికి పోతుంటారు. గుడ్డ తక్కువైనా ప్రమాదమే. లూప్ వదులై, విమానం తలుపు దగ్గరే పిన్ను జారిపోవచ్చు. తెరుచుకున్న పారాచ్యూట్ విమానం తోకకి చుట్టుకుంటే, లోపలున్న అందరికీ గండమే.

మెయిన్ గురించి అందరూ అడుగుతారు, రిజర్వు గురించి ఎవరూ అడగరు. నాకదే విడ్డూరం. నేను కొన్న సంచిలో రిజర్వు గది ఇంకా చిన్నది. స్పృహ తప్పి కిందికి వస్తే, 93 కిలోల శరీరాన్ని దింపాల్సింది ఆ చిన్న గుడ్డే. 1991లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ అనే యంత్రం, మనిషి ఏమీ చెయ్యకపోతే దాదాపు 225 మీటర్ల ఎత్తులో రిజర్వు లూప్‌ని కోసేస్తుంది. ఎందరో బతికారు దానివల్ల. కానీ అది కోసేది లూప్‌నే, బిగుసుకున్న మూటని కాదు. యంత్రం పనిచేసినా రిజర్వు పూర్తిగా విచ్చుకునేలోపు నేల వచ్చేసిన సంఘటనలు జరిగాక, 2013లో అమెరికా పారాచ్యూట్ అసోసియేషన్ అనుభవజ్ఞులకి మెయిన్ తెరిచే కనీస ఎత్తుని 2000 అడుగుల నుంచి 2500కి పెంచింది.

పోనీ లేబుల్ మీద అంకె నమ్ముదామా అంటే అదీ కుదరదు. చదరపు అడుగులు కొలిచే పద్ధతి అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. ఒకరి 170 ఇంకొకరి 170తో సమానం అవ్వాలని లేదు. పాత గుడ్డ, కొత్త గుడ్డ, గాల్లో తేమ, మడిచే చెయ్యి, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. మంచుపత్తి, ఎండపత్తి కథే.

సంచి సైజు మార్చడానికి వీల్లేని చోట ఏం చేస్తారు? అపోలో వాళ్ళకి ఇదే వచ్చింది. 1967 అగ్నిప్రమాదం తర్వాత క్యాబిన్ బరువు పెరిగింది, పారాచ్యూట్లు పెట్టే జాగా పెరగలేదు. పెద్ద మెయిన్లు పట్టవు. అందుకని ముందు తెరుచుకునే డ్రోగ్‌లని పెద్దవి చేసి, మెయిన్లు మరింత మెల్లగా దశలవారీగా విచ్చుకునేలా మార్చారు. మెయిన్లని ప్రెస్సులో పెట్టి చెక్కలా గట్టిపడేదాకా నొక్కి మడిచేవాళ్ళు. 1971లో అపోలో 15 మూడింట్లో రెండిటితోనే దిగింది.

మన శ్రీహరికోట దగ్గర 2025 ఆగస్టు 24న, గగన్‌యాన్ కోసం దాదాపు 5 టన్నుల నమూనా క్యాబిన్‌ని చినూక్ హెలికాప్టర్ నుంచి వదిలి చూశారు. ఆ వ్యవస్థలో పది పారాచ్యూట్లు. చివరి మూడు మెయిన్లు ఒక్కోటి 25 మీటర్ల వ్యాసం, రెండు తెరుచుకున్నా చాలు. ఆగ్రాలో డీఆర్‌డీవో వాళ్ళు ఇస్రోతో కలిసి తయారుచేసినవి. మూడు 25 మీటర్ల గుడ్డలు ఆ క్యాబిన్ పైభాగంలో పట్టాలి! రాకెట్ ఎగిరినప్పుడు చప్పట్లు కొడతాం గానీ, వాటిని మడిచినవాళ్ళ గురించి పేపర్లో ఒక్క లైను ఉండదు.

సరే, నా కథ. ఇంతా విన్నాక కూడా నాకో తెలివైన ఆలోచన వచ్చింది. 210 అమ్మేసి 170 కొంటే సంచికి సరిపోతుంది కదా! డబ్బులు పోసిన సంచి వృథా అవ్వదు. రిగ్గర్ అన్నాడు, "ముందు నీ బరువు. దాన్నిబట్టి మెయిన్, రిజర్వు. ఆ రెంటినిబట్టి సంచి. నువ్వు చివర్నుంచి మొదలెట్టావు." మా ఆఫీసులో ముందు సర్వర్లు కొని తర్వాత రిక్వైర్‌మెంట్లు రాసిన ప్రాజెక్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. సంచి నష్టానికి అమ్మాను. ఎనిమిది నెలలు అద్దె సామానుతో దూకి, 210 పట్టే సంచి కొన్నాను.

తర్వాతి ఏడాది అమ్మానాన్నలు వచ్చినప్పుడు అల్మారాలో దొరికిపోయింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నాన్న సంచిని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. రిగ్గర్ చేసినట్టే, బొటనవేలితో కింద రెండు మూలలూ నొక్కాడు.

"ఎవర్రా దీన్ని తొక్కింది?"

"నేనే నాన్నా."

"ఎడమ మూల వదులుగా ఉంది. విప్పి మళ్ళీ పెట్టు."