ఓవర్సీరు మెట్టు నుండి ఇంజనీరు పట్టా దాకా: గంజాం సీమలో డిప్లొమా బాట

బాహుదా నది సముద్రంలో కలిసే చోట ఉన్న సోనేపూర్ తీరం పాలనరీత్యా ఒడిశాకు చెందినదైనా, అక్కడి ఇండ్లలో తెలుగు పలుకు తరతరాలుగా నిలిచి ఉన్నది. ఈ తీరగ్రామాలలోనూ, బరంపురం పట్టణంలోనూ పదవ తరగతి గట్టెక్కిన పిల్లలు గల ప్రతి ఇంటిలో వేసవి వచ్చేసరికి ఒక ప్రశ్న తలెత్తుతుంది. డిప్లొమాలో చేర్చితే చేతికి పని త్వరగా అందివస్తుంది. కాని డిగ్రీ తలుపు శాశ్వతంగా మూసుకొనిపోతుందేమో? ఈ సందేహం నిన్న మొన్నటిది కాదు. దీని వెనుక శతాబ్దానికి మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినవారికి బాట ఎక్కడ తెరచి ఉన్నదో, ఎక్కడ మూసి ఉన్నదో తేటపడుతుంది.

గంజాం జిల్లా 1936 వరకు మదరాసు రాజధానిలో భాగం. కనుక ఈ సీమలో ఇంజనీరింగు విద్యకు మూలం మదరాసులోనే వెదకాలి. అక్కడ 1794లో వెలసిన సర్వే పాఠశాల పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగం దాటిన పిమ్మట సివిల్ ఇంజనీరింగు కళాశాలగా ఎదిగి, 1920లో గిండీకి తరలినది. సర్ ఆర్థర్ కాటన్ 1847-52 సంవత్సరాల మధ్య ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట కట్టించిన తరువాత, కాలువలు కొలిచేందుకు, గట్లు కాపాడేందుకు, లెక్కలు వ్రాసేందుకు శిక్షణ పొందినవారు వందల సంఖ్యలో అవసరమైనారు. ప్రజాపనుల శాఖ వారిని మెట్లుగా విభజించినది. పై మెట్టు ఇంజనీర్లది. దాని క్రింద ఎగువ సబార్డినేట్లు, వారికి దిగువన కింది సబార్డినేట్లు. ఓవర్సీర్లు, సబ్ ఓవర్సీర్లు అని లోకం పిలిచినది వీరినే. ఒకే ఆవరణలో చదివినా తరగతులు వేరు, జీతాలు వేరు, గౌరవాలు వేరు. డిప్లొమాకు, డిగ్రీకి నడుమ గోడ ఆనాడే లేచినదని చెప్పవచ్చు.

గంజాం ప్రజలకు ఈ ఓవర్సీరు కొత్తవాడు కాదు. 1866 నాటి మహాక్షామం ఈ సీమను కుదిపివేసిన తరువాత, ఆ శతాబ్ది చివరి దశకాలలో ఋషికుల్య నీటిపారుదల పథకం రూపుదాల్చినది. ఇప్పుడు భంజనగర్‌గా పేరు మారిన రసెల్‌కొండ జలాశయం, సురడ జలాశయం, జానివిల్లి ఆనకట్ట ఆ పథకపు ప్రధానాంగాలు. పథకాన్ని ఊహించినవారు పెద్ద ఇంజనీర్లే కావచ్చు. కాని గొలుసు పట్టి నేల కొలిచి, కాలువ వాలు సరిచూచి, కూలీల హాజరు వ్రాసి, గట్టు తెగిన రాత్రి లాంతరుతో నిలబడినది ఓవర్సీరే. అయినా ఎంత అనుభవం గడించినా అతడు ఇంజనీరు కాగలగడం అరుదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. బరంపురం ఇటు చేరినది, ఇచ్ఛాపురం అటు మిగిలినది. ఒకే నదికి ఇరువైపుల ఉన్న బంధువుల పిల్లలకు చదువు దారులు వేరైపోయినవి. అటువారికి గిండీ, ఆ తరువాత 1946లో విశాఖపట్టణంలో మొదలై కాకినాడకు చేరిన ఇంజనీరింగు కళాశాల దిక్కైనవి. ఇటువారు కటకం వైపు చూడవలసి వచ్చినది. అక్కడ 1876లో సర్వే పాఠశాలగా పుట్టి, 1923లో ఒరిస్సా స్కూల్ ఆఫ్ ఇంజనీరింగ్ అయిన సంస్థ ఉన్నది. డిగ్రీ కళాశాల మాత్రం రాష్ట్రంలో 1956లో బుర్లాలో వెలసే వరకు లేదు. హీరాకుడ్ ఆనకట్ట నీడలో పుట్టిన ఆ కళాశాలలో సీట్లు కొద్ది. బరంపురానికి దూరమూ ఎక్కువే.

ఈ లోటును కొంత తీర్చినవి పాలిటెక్నిక్కులు. ఒడిశాలో వీటిని ఇంజనీరింగు స్కూళ్ళని పిలవడం వాడుక. బరంపురంలో, తొలి లోక్‌సభ సభ్యులలో ఒకరైన ఉమాచరణ్ పట్నాయక్ పేర నెలకొన్న ఇంజనీరింగు స్కూలు ఈ జిల్లా బాలురకు ఇంటికి దగ్గరగా సివిల్ విద్యను అందించినది. అదే మూడేండ్ల చదువును ఆంధ్రదేశంలో ఎల్.సి.ఇ. అనేవారు. పేరు ప్రక్కన ఆ మూడక్షరాలుంటే ఆ రోజులలో ఊరంతా గౌరవించేది.

ఉద్యోగం వచ్చిన తరువాత గోడ మరల ఎదురయ్యేది. పట్టభద్రులకు మాత్రమే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పదోన్నతి ఇచ్చే నిబంధన చెల్లునా అనే వివాదం జమ్ము కశ్మీర్ నుండి సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 1973లో ఖోసా కేసులో ఆ నిబంధన చెల్లుతుందని ధర్మాసనం తీర్పునిచ్చినది. అనుభవం ఒక్కటే చాలదనీ, డిగ్రీ లేనిదే పై మెట్టు అందకపోవచ్చుననీ దేశంలోని డిప్లొమా ఇంజనీర్లకు తేటతెల్లమైనది.

గోడను దాటించిన తొలి నిచ్చెన ఎ.ఎం.ఐ.ఇ. పరీక్ష. 1920లో ఏర్పడి, 1935లో రాజశాసనం పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ దీనిని జరిపేది. 'ఎ' భాగం, 'బి' భాగం నెగ్గినవారిని ప్రభుత్వోద్యోగాలకు పట్టభద్రులతో సమానంగా పరిగణించేవారు. పగలు పని, రాత్రి చదువు. గురువు లేడు, తరగతి లేదు. మొదలుపెట్టినవారు ఎందరో, ముగించినవారు కొందరే. అయినా పేదవాని పట్టుదలకు అది గౌరవప్రదమైన మార్గం. 2013 మే 31 నాటికి పేరు నమోదు చేసుకొన్నవారితోనే ఆ సమానత ఆగిపోయినది.

మరొక నిచ్చెన ఒడిశాలోనే విరిగినది. ఉద్యోగంలో ఉన్న డిప్లొమాదారులు కొందరు కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల నుండి దూరవిద్య ద్వారా బి.టెక్. పట్టాలు పొందినారు. ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌కు సంబంధించి తలెత్తిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 నవంబరు 3న తీర్పు చెప్పినది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి లేని ఆ పట్టాలు నిలువలేదు. 2001-05 మధ్య చేరినవారికి మండలి పరీక్షలో నెగ్గి పట్టా నిలుపుకొనే అవకాశం దక్కినది. తరువాత చేరినవారి పట్టాలు రద్దైనవి. సంవత్సరాల శ్రమ, రుసుము, ఆశ ఒక్క రోజుతో కొట్టుకొనిపోయినవి. గుర్తింపు విచారించక చేరడం పునాది చూడక మేడ కట్టడం వంటిది.

నేడు తెరచి ఉన్న రాజమార్గం పార్శ్వప్రవేశం, అనగా లేటరల్ ఎంట్రీ. డిప్లొమా ముగించినవారు ప్రవేశ పద్ధతిననుసరించి నేరుగా డిగ్రీ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దీనికి ఇ-సెట్ పరీక్ష ఉన్నది. ఒడిశాలోనూ ఇట్టి ప్రవేశం ఉన్నది. 2009లో బరంపురం చెంతనే పారలా మహారాజా ఇంజనీరింగు కళాశాల వెలసినందున డిగ్రీ ఈ జిల్లాకు నడచి వచ్చినట్లైనది.

తల్లిదండ్రులు ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. ఇంటర్మీడియట్ రెండేండ్లు, డిగ్రీ నాలుగేండ్లు: వెరసి ఆరు. డిప్లొమా మూడేండ్లు, పార్శ్వప్రవేశంతో డిగ్రీ మూడేండ్లు: వెరసి ఆరే. కాలంలో నష్టం లేదు. పైగా రెండవ దారిలో మూడవ ఏటనే ఒక మజిలీ కలదు. ఇంటి పరిస్థితి సహకరించకపోతే అక్కడ దిగి జూనియర్ ఇంజనీరు ఉద్యోగానికి యత్నించవచ్చు.

అయితే కష్టం లేదనడం సత్యం కాదు. థియోడలైటు, లెవెల్, ప్లేన్ టేబుల్ చేతికి అలవడిన డిప్లొమా విద్యార్థి క్షేత్రంలో మిన్న. డిగ్రీ తరగతిలో అవకలన సమీకరణాలు ఎదురైనప్పుడు మాత్రం తడబడతాడు. ఇంటర్మీడియట్ గణితం లేని లోటు అది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లీషు పాఠ్యం మరొక బరువు. ఒడిశా ప్రభుత్వోద్యోగానికి ఒడియా కూడ రావలెను. పదవ తరగతిలోనే గణితాన్ని గట్టిపరచి, పారిభాషిక పదాలను రెండు భాషలలో నేర్పిన ఉపాధ్యాయుడు ఈ బరువును సగం దించినవాడౌతాడు.

1999లో, 2013లో గోపాల్‌పూర్ పరిసరాలను తాకిన తుఫానులను చూచిన తీరమిది. గట్టి ఇల్లు, ఎత్తైన రోడ్డు, నిలిచే కల్వర్టు ఇక్కడ ప్రాణాలతో ముడిపడిన విషయాలు. వాటిని కట్టగలవారు ఈ ఊళ్ళ నుండే రావడం ఉచితం. డిప్లొమాను చిన్న చదువని చిన్నచూపు చూడనక్కరలేదు. అదే చివరి మెట్టని ఆగిపోనూ అక్కరలేదు. నాటి ఓవర్సీరు తల ఎత్తి చూచి నిట్టూర్చిన మెట్టును నేటి విద్యార్థి కాలినడకన ఎక్కవచ్చు. ప్లాటినం ఉత్సవ శుభవేళ ఈ మాట ప్రతి ఇంటికీ చేరుగాక!