పొయ్యిరాళ్ళ నుండి గ్యాస్ గ్రిల్లు దాక

హైదరాబాదునకు ఉత్తరమున, నాగపురమునకు పోవు రహదారిపై మేడ్చలును, కరీంనగరమునకు పోవు రహదారిపై శామీర్‌పేటయు నెలకొనియున్నవి. ఈ ఊళ్ళ చరిత్ర వ్రాయువారు చెరువును, కట్టను, రైలుమార్గమును పేర్కొందురే గాని, అచ్చట వంటకై వెలిగిన నిప్పులను గూర్చియు, అవి చల్లారిన పిదప పొయ్యిని శుభ్రపరచిన చేతులను గూర్చియు విచారింపరు. నిప్పు తీరు మారినప్పుడెల్ల ఆ చేతులును మారుచు వచ్చినవి.

ఇంటి పొయ్యి ఆడువారి వంతు. వేకువనే బూడిద యెత్తి, పేడయు ఎర్రమన్నును కలిపి గుడ్డతో అలికి, పండుగనాడు ముగ్గు కూడ పెట్టిన గాని నిప్పు రాజేయకుండుట పెద్దల నాటి ఆచారము. ఆ ఆచారములోనే మరమ్మతును ఇమిడియుండెను. నిన్నటి మంటకు మట్టిలో విడిచిన బీటలు నేటి అలుకుతో పూడెడివి; ఎత్తిన బూడిద అంట్లు తోముటకు అక్కరకు వచ్చెడిది.

ఆరుబయటి పొయ్యి తీరు వేరు. శామీర్‌పేట కట్టమైసమ్మకు మొక్కు చెల్లింప వచ్చువారు మేకనో కోడినో అర్పించి, చెంతనే రాళ్ళు పేర్చి వండి, బంధుమిత్రులతో దావతు చేసికొని పోవుదురు. ఆ పొయ్యిని అలుకువారు లేరు. మసిబారిన రాళ్ళు వెనుక వచ్చువారికి మిగులును.

రాయియే పెనమైన వంట యొకటి హైదరాబాదు సీమకు కలదు. అది పత్తర్ కా గోష్త్. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను వేటకు పోయినప్పుడు సీకులు లేకపోగా రాతిపలకను కాల్చి దానిపై మాంసము వండిరని కథగా చెప్పుకొందురు. కథ మాట యెట్లున్నను, పలకను కాపాడు పద్ధతి మాత్రము అనుభవమున పుట్టినది: వేడి రాతిపై చన్నీళ్ళు పోయరాదు, తనంతట చల్లారిన పిదపనే అంటిన కొవ్వును గీకి కడుగవలెను. బండపై మంట పెట్టి రాతిని పొరలుగా లేపు విద్య నెరిగిన వడ్డెరలకు, వేడిమి గ్రానైటు నెట్లు చీల్చునో ఒకరు చెప్ప నక్కరలేదు.

రహదారులపై లారీలు పెరిగిన కొలది ధాబాలు వెలసినవి. వానితో బొగ్గుల కుంపటియు, ఇనుప జాలీయు వచ్చినవి. రాత్రి గిరాకి తగ్గిన తరువాత జాలీని నిప్పులపైననే ఉంచి, అంటుకొన్న తునకలు మాడి రాలునట్లు చేసి, తీగ బ్రష్షుతో గీకి, నూనెగుడ్డతో తుడుచుట పనికుర్రవాని వంతు. తుడువక విడిచినచో, వానకాలపు తేమకు తెల్లవారునప్పటికే తుప్పు తేలును.

పిమ్మట వంటగ్యాసు కాలము వచ్చెను. 1965లో ఇండేన్ ఆరంభమైనది. 1999లో దీపం పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును సిలిండరును పేదల యిండ్లకు చేర్చినవి. 2003లో గెయిలును హిందూస్థాన్ పెట్రోలియమును కలిసి నెలకొల్పిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ కేంద్రమొకటి, మొక్కుల పొయ్యిలు వెలుగు శామీర్‌పేటలోనే నిలిచినది. నేడు ఈ ప్రాంతపు ఫామ్‌హౌసులలో విందులకు గ్యాసు గ్రిల్లులును వెలుగుచున్నవి.

ఈ నిప్పునకు బూడిద లేదు గాని మాలిన్యము లేకపోలేదు. అది కంటబడదు, అంతే. కారిన కొవ్వు అడుగు పళ్ళెములో పేరుకొని ఒకనాడు భగ్గుమనును. వాడని నెలలలో బర్నరు గొట్టమున సాలెపురుగు గూడు కట్టును. అప్పుడు గాలి చాలక నీలిమంట పసుపుబారును. సిలిండరు మూసి, గ్రిల్లు చల్లారిన పిమ్మట బర్నరు విప్పి, సన్నని తీగతో రంధ్రముల పూడిక తీసి, పళ్ళెము కడిగి, మరల బిగించిన తరువాత వాల్వు తెరచి అతుకులకు సబ్బునురుగు పూసి చూడవలెను. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదని గుర్తు. అగ్గిపుల్ల గీచి చూచుట ప్రాణాపాయము.

ఈ పని యిప్పుడు తోట కావలివారి మీద పడుచున్నది. అలుకుటను తల్లి కూతురికి నేర్పెను; జాలీ తోముటను వంటమేస్త్రి కుర్రవానికి చూపెను; గ్రిల్లుతో వచ్చు పుస్తకము తరచు కావలివారికి రాని భాషలో నుండును. ఆచారము మౌనముగా అందించిన జాగ్రత్తను ఇక నోట చెప్పియే అందింపవలెను గనుక, విందుకు పదిమందిని పిలుచు యజమాని ముందుగా సబ్బునురుగు పరీక్షను తన చేతితో ఒకసారి చేసి చూపుట ధర్మము.