కర్ణవేధ, కర్ణసంధానం: సుశ్రుతుని పదహారవ అధ్యాయం

గోదావరి సీమ పల్లెల్లో చెవులు కుట్టడం తరతరాలుగా కంసాలి పని. శిశువును మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, సన్నని బంగారు తీగతో తమ్మెను పొడిచి, ఆ తీగనే పోగుగా చుట్టి వదులుతారు. కర్ణవేధను నేడు షోడశ సంస్కారాలలో లెక్కిస్తున్నారు గాని, గౌతమ ధర్మసూత్రం పరిగణించిన 40 సంస్కారాలలో అది కానరాదు. దాని విధానాన్ని సవిస్తరంగా చెప్పినది ఒక వైద్యగ్రంథం: సుశ్రుతసంహిత, సూత్రస్థానం, పదహారవ అధ్యాయం.

రక్షణ కొరకు, అలంకారం కొరకు చెవి కుట్టాలంటాడు సుశ్రుతుడు. రెండు ప్రయోజనాలనూ ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఆరవ లేదా ఏడవ మాసంలో, శుక్లపక్షంలో, బిడ్డను ఆటవస్తువులతో మరపించి, సూర్యకాంతి తమ్మెగుండా ప్రసరించే సహజస్థానాన్ని గుర్తించి పొడవాలి. మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడబిడ్డకు ఎడమచెవి. పిమ్మట దూదివత్తి పెట్టి, మూడు రోజులకొకసారి మరింత లావు వత్తి మార్చాలి. రంధ్రాన్ని విశాలం చేయడమే దీని ఉద్దేశం. అమరావతి శిల్పాలలోని భారమైన కర్ణాభరణాలను చూచినవారికి ఆ విశాలత ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఇలా సాగిన తమ్మె ఒకనాడు దోషం వల్లనో దెబ్బ వల్లనో రెండుగా చీలుతుంది. సంధానశాస్త్రం పుట్టినది అక్కడే. చీలిక ఆకృతిని బట్టి సుశ్రుతుడు 15 బంధాలను పేర్కొని, చివరి ఐదూ అసాధ్యాలని నిర్మొహమాటంగా చెప్పాడు. తమ్మె బొత్తిగా లేనివానికి చెంప నుండి మాంసాన్ని లేపి, మూలంతో సంబంధం తెగకుండా, జీవంతో ఉండగానే చెవికి అతకాలి. ఆ మూలం గుండా రక్తం అందుతుంది కనుకనే అతుకు బ్రతుకుతుంది. ఐరోపాలో వెలికివచ్చిన చెవులను సరిదిద్దే శస్త్రచికిత్స ప్రసిద్ధికెక్కినది 19వ శతాబ్దంలో, డీఫెన్‌బాఖ్ (1845), ఈలీ (1881) ల వలన. అది మృదులాస్థిని వంచే పని. సుశ్రుతునిది తమ్మెను నిలబెట్టే పని. రెండింటినీ ఒకటిగా చెప్పడం అభిమానమే గాని చరిత్ర కాదు. పైగా వెడల్పు చెవులను దోషమనడానికి మనకు నోరు రాదు, శూర్పకర్ణుడని వినాయకుని పూజించేవారం కదా!

శస్త్రకర్మ కంటె తదనంతర నియమాలే సాధకులను ఆకర్షిస్తాయి. తేనె, నెయ్యి పూసి, దూదితో కప్పి, మరీ బిగువుగా గాని మరీ వదులుగా గాని కాక దారంతో కట్టాలి. చెవిని కదిలించడం, పగటినిద్ర, వ్యాయామం, అతిభోజనం, స్త్రీసంగమం, అగ్నితాపం వర్జ్యాలు. వాక్‌శ్రమ కూడా నిషిద్ధమే. మాటాడితే దవడ కదులుతుంది, దవడతో చెవిమూలమూ కదులుతుంది. ఎందరో వ్రతంగా పట్టే మౌనం ఇక్కడ ఔషధం.

బరువైన కమ్మలతో తమ్మెలు సాగి చీలిన వృద్ధస్త్రీలు గోదావరి పల్లెల్లో నేటికీ కనిపిస్తారు. నేటి వైద్యులు చీలిక అంచులను తాజాపరచి కుట్టి, కొన్ని నెలలు ఆగి, మచ్చకు పక్కన మళ్లీ కుట్టించుకోమంటారు. సుశ్రుతుడు నెలలు లెక్కించలేదు. అతుకు గట్టిపడి, సమంగా నిలిచి, నొప్పి పోయి, దానిపై రోమాలు మొలిచిన పిమ్మటే చెవిని మళ్లీ మెల్లగా పెంచమన్నాడు.